పుదీనా పువ్వు

జూన్ 8, శనివారం

ఈ నోటుపుస్తకానికి ముందు వైపు ల్యాబ్ లెక్కలు. వెనక వైపు నుంచి ఇది. మా గైడ్ యోగానంద సార్ చూస్తే తిడతారు, పరిశోధన పుస్తకంలో ఇంటి గోల ఏమిటని. చూడరు. మొదటి రెండు పేజీలు తిప్పేసరికే ఆయనకు ఫోనొస్తుంది.

ఈ రోజు నేనూ అమ్మా నాయనను తిరుపతిలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. కుడికాలి చిటికెన వేలు నల్లబడింది. ఎప్పటి నుంచి అని డాక్టర్ గ్రేసీ అడిగితే నాయన "మొన్నటి నుంచి" అన్నాడు. అమ్మ ఊరుకోలేదు. "ఉగాదప్పటి నుంచే కుంటతా ఉండాడు మేడమ్. అడిగితే సెప్పు కరిసింది అంటాడు" అంది. నాయన నేసే గుంట మగ్గంలో కూర్చుంటే కాళ్లు రెండూ గుంటలో ఉంటాయి, ఎవరికీ కనబడవు. మా ఊరు నగరిలో దాదాపు అందరూ కరెంటు మగ్గాలకు మారినా ఈయన ఆ గుంట వదల్లేదు. అదెంత మంచి దాపో ఇప్పుడు తెలిసింది.

బర్జర్స్ జబ్బు అన్నారు. కాళ్లలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. పొగాకు ఉన్నంత కాలం ఏ మందూ పనిచేయదట. "ఒక్క బీడీ కూడా వద్దు. సగం కూడా వద్దు. మానేస్తే కాలు మిగులుతుంది. మానకపోతే ముందు వేళ్లు, తర్వాత పాదం, తర్వాత ఇక్కడికి" అని మోకాలి కింద పెన్నుతో తాకి చూపించారు. ఆరు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

నాయన నవ్వాడు. "ముప్పై ఏండ్లుగా తాగతా ఉండా మేడమ్. ఇప్పుడా దానికి కోపమొచ్చింది?"

నాకు నవ్వు రాలేదు. భయం వేసింది. నేను మూడేళ్లుగా నికోటిన్ మీద పనిచేస్తున్నాను. ఇంట్లో చిటికెన వేలు సంగతి నాకు తెలియదు.

జూన్ 9, ఆదివారం

నగరిలో ఇంటి దగ్గరే ఉన్నాను. అమ్మ బీడీ కట్టలన్నీ పొయ్యిలో వేసింది. నాయన నా ముందు ఒక్కటీ తాగలేదు. కానీ పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా ముప్పై ఒక్కసార్లు దగ్గాడు. ఒక బీడీకి మూడు దగ్గులని అమ్మ లెక్క. అంటే పది బీడీలు. ఎక్కడ తాగుతున్నాడో ఇద్దరికీ దొరకలేదు.

అందుకని దగ్గే లెక్క పెట్టాలని అనుకున్నాం. నేను సోమవారం హాస్టల్‌కు వెళ్లిపోయినా అమ్మ రోజూ ఫోన్లో చెబుతుంది. దగ్గు దాచుకోలేడు కదా.

జూన్ 12, బుధవారం

ఈ రోజు ల్యాబ్‌లో జరిగింది వివరంగా రాయాలి.

ఎలుక నాడీకణం మీద గాజు సూది ఆనించి కూర్చుంటాం. కణం పైపొరలో నికోటిన్ వచ్చి తగులుకునే గ్రాహకాలు ఉంటాయి, గడియ పెట్టిన తలుపుల్లాంటివి. నికోటిన్ తగలగానే తలుపులు తెరుచుకుంటాయి, కరెంటు లోపలికి పారుతుంది, తెరమీద గీత కిందికి పడిపోతుంది. ఎప్పుడూ చూసేదే. ఈ రోజు నికోటిన్‌కు ముందు ఒక నిమిషం మెంథాల్ పోశాను. తర్వాత నికోటిన్. గీత సగమే పడింది.

మెంథాల్ కడిగేసి మళ్లీ నికోటిన్ పోశాను. పూర్తిగా పడింది. మళ్లీ మెంథాల్. మళ్లీ సగం.

నికోటిన్ కూర్చునే చోట మెంథాల్ కూర్చోదు. పక్కనెక్కడో చేరి తలుపును బిగదీస్తుంది. ఇతర దేశాల వాళ్లు ఎప్పుడో రాశారు, నేను కనిపెట్టిందేమీ కాదు. చదివినప్పుడు అక్షరాలే. ఈ రోజు నా సూది కింద జరిగింది.

మెంథాల్ అంటే పుదీనా పువ్వు. మా అవ్వ తాంబూలంలో వేసుకునేది.

జూన్ 13

మళ్లీ అదే. ఐదు కణాలకు ఐదూ.

జూన్ 15, శనివారం

తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో నాటుమందుల అంగడిలో చిన్న సీసా కొన్నాను. తెల్లటి సూదుల్లాంటి పలుకులు. మూత తీస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు గంటల బస్సుకు నగరి చేరాను.

నాయన మగ్గంలో ఉన్నాడు. గట్టు మీద కూర్చుని సీసా చూపించాను. గోటి కొనంత తీసి నాలుక కింద పెట్టుకోమన్నాను. బీడీ మీదికి మనసు పోయినప్పుడల్లా.

"ఇదేం జేస్తాది?"

నేను చెప్పిన మాటలు ఇక్కడ రాస్తున్నాను, బాగా చెప్పానని అనిపించింది కాబట్టి. "నరాల్లో సన్న తలుపులు ఉంటాయి నాయనా. బీడీ విషం ఆ తలుపుల్లోంచే లోపలికి పోతాది. ఇది నోట్లో ఉంటే తలుపులు బిగుసుకుంటాయి. బీడీ విషం ఎక్కదు."

"ఎక్కదా?"

"ఎక్కదు. నా కండ్లారా సూసినా."

బీడీలో పస లేకపోతే దాని మీద మోజు దానంతటదే పోతుంది. అది నా ఆలోచన. అంతవరకు చెప్పనక్కర్లేదు, అర్థమవుతుంది.

నాయన పోగు విసిరే నాడె పక్కన పెట్టి నా వైపు చాలాసేపు చూశాడు. "మీ అమ్మ అంటా ఉంటాది, పెరటి సెట్టు వైద్యానికి పనికిరాదని. మా పెరటి సెట్టు పనికొచ్చేటట్టుండాదే" అన్నాడు. అలా ఆయన నన్ను మెచ్చుకోవడం పదో తరగతి తర్వాత ఇదే. సంతోషంగా ఉంది. దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషంగా ఉంది.

జూన్ 19

అమ్మ ఫోను. దగ్గులు ఇరవై రెండు.

జూన్ 23, ఆదివారం

తొమ్మిది. ఇంటికి వెళ్లలేదు, ఎలుకల గది డ్యూటీ నాదే. అమ్మ గొంతులో వెలుగు. "మగ్గం ఆగకుండా ఆడతా ఉండాది పాపా. ముందైతే దగ్గొచ్చినప్పుడల్లా ఆగేది" అంది. ఇంట్లో బీడీ వాసన కూడా లేదట. ఎక్కడ చూసినా పుదీనా వాసనేనట.

ఒక పలుకు మెంథాల్ నోట్లో ఉంటే మెదడులో ఎంత చేరుతుంది అన్న లెక్క వేద్దామనుకున్నాను. వేయలేదు. దగ్గు తగ్గుతోంది కదా.

జూన్ 26, బుధవారం

మూడు.

క్యాంటీన్‌లో ఢిల్లీబాబుకు చెప్పాను. పక్క బల్ల మీద పనిచేస్తాడు, నాకంటే ఏడాది సీనియర్. మెచ్చుకుంటాడనుకున్నాను.

"దగ్గు తగ్గింది సరే. బీడీలు తగ్గినాయా?"

"దగ్గు తగ్గిందంటే తగ్గినట్టే గదా."

"నేను తాగేది పుదీనా సిగరెట్టే నందితా. గొంతుకు సల్లగా ఉంటాది, మంట తెలీదు. మామూలు దానికంటే రోజుకు రెండు జాస్తిగానే పోతాయి. కుక్క మొరగలేదంటే దొంగ రాలేదని కాదు. కుక్కకు మందు పెట్టినారేమో సూసుకోవాల."

ఒళ్లు మండింది. ఆయన తాగుతాడు కాబట్టి ప్రపంచమంతా తాగుతుందని అనుకుంటాడు. నా ఫలితాలు సార్‌కు నచ్చాయన్న ఏడుపు ఒకటి. అయినా మా నాయన సంగతి ఆయనకేం తెలుసు?

టీ కూడా సగంలో వదిలేసి వచ్చాను.

జూలై 3, బుధవారం

అర్థం కావడం లేదు.

సార్ చెప్పారని కొన్ని కణాలను మూడు రోజులు మెంథాల్‌లోనే ఉంచి పెంచాను. ఈ రోజు వాటిని కడిగి నికోటిన్ పోశాను. గీత సగం పడాలి, లేదా మామూలుగా పడాలి. మామూలు కంటే ఎక్కువ పడింది. పద్నాలుగో ప్లేటు. తర్వాత పదిహేను. తర్వాత పదిహేడు.

ఒక్క నిమిషం పోస్తే తలుపులు బిగుసుకుంటాయి. మూడు రోజులు ఉంచితే, తలుపులే ఎక్కువైనట్టు ఉంది. కణం కొత్త తలుపులు కట్టుకుంటోందా? బిగించిన దానికి బదులుగా? అప్పుడు దానికి నికోటిన్ ఇంకా ఎక్కువ కావాలా, తక్కువ కావాలా? ఒకే మందు రెండు పనులు ఎలా చేస్తుంది?

కణాలు బాగా లేవు. సూది సరిగ్గా అతుక్కోలేదు. కణాలు పెంచే వేడి పెట్టె కూడా నిన్న కాసేపు ఆగింది.

జూలై 4

పద్నాలుగు, పదిహేను, పదిహేడు లెక్కలోంచి తీసేశాను. "కణాల ఆరోగ్యం బాగాలేదు" అని రాశాను.

జూలై 7, ఆదివారం

నగరి. సున్నా.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేనే విన్నాను. ఒక్క దగ్గు లేదు. అమ్మ నా చెంపలు పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

నాయన హుషారుగా ఉన్నాడు. మాటిమాటికీ పెరట్లోకి పోయి వస్తున్నాడు. మంచినీళ్లు ఎక్కువ తాగుతున్నాడు కాబట్టి కావచ్చు. సీసా అప్పుడే అయిపోయింది, ఇంకొకటి కావాలన్నాడు. మూడు వారాలకు అంత ఎలా అయిపోయిందో తెలియలేదు. కొబ్బరినూనెలో కలిపి కాలికి కూడా రాస్తున్నాడట. నొప్పి పోయిందట. సల్లగా ఉంటాదన్నాడు. కాలికి గుడ్డ చుట్టి మేజోడు వేసుకున్నాడు, ఈగలు వాలతాయని. విప్పి చూపించమంటే "కట్టు కదిపితే మానదు పాపా" అన్నాడు.

అదీ నిజమే.

రెండో సీసా తెచ్చే ఉన్నాను, ఇచ్చేశాను.

జూలై 12, శుక్రవారం

అమ్మ మొక్కు సంగతి చెప్పింది. కాలు బాగైతే అలిపిరి నుంచి నడిపించుకుంటూ కొండకు తీసుకొస్తానని మొక్కుకుందట. "దగ్గు పోయె, నెప్పి పోయె, ఇంకేంటికి ఆలస్యం?" అంటోంది. డాక్టర్ దగ్గరికి పోవడానికి ఇంకా వారం ఉంది. ముందు అక్కడికి పోయి తర్వాత కొండకు పోదామన్నాను. దేవుడి పని అయినాక డాక్టర్ పని అంది.

గట్టిగా వద్దనలేదు నేను. మెట్లన్నీ ఎక్కనక్కర్లేదు, కొంత దూరం నడిచి వెనక్కి వచ్చి బస్సెక్కుదాం అన్నాను. ఎందుకు వద్దనలేదు? నా మందు పనిచేసిందని పది మందిలో చూసుకోవాలనే.

జూలై 14, ఆదివారం

రాయలేను.

జూలై 15, సోమవారం

రాస్తాను.

అలిపిరిలో ఆటో దిగాం. నాయన నవ్వుతూనే ఉన్నాడు. మెట్ల దారికి ముందు సంచులు తనిఖీ చేస్తారు. కొండ మీదికి పొగాకు తీసుకుపోకూడదు, ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అమ్మ సంచి వెళ్లిపోయింది. నాయన సంచి యంత్రంలోంచి బయటికి రాగానే గార్డు పక్కకు తీశాడు. అందులోంచి రేకు డబ్బా తీసి మూత తెరిచాడు.

బీడీలు. రెండు కట్టలు. వాటి మీద తెల్లటి సన్నటి పలుకులు, మంచు పట్టినట్టు. మధ్యలో గుడ్డలో కట్టిన నా పుదీనా పువ్వు. ఆ వాసన అక్కడి దాకా వచ్చింది.

"ఇవేంది పెద్దాయనా, పుదీనా బీడీలా? ఇట్టాటివి ఇంతవరకు సూడలా" అన్నాడు గార్డు. తిట్టలేదు. డబ్బాను పక్కనున్న బుట్టలో వేశాడు. అందులో ఎన్నో సిగరెట్ పెట్టెలు ఉన్నాయి.

అమ్మకు ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "చెప్పులు ఇప్పు" అంది. అక్కడ చెప్పులు వదిలే ఎక్కాలి. "మేజోడు ఇప్పు. గుడ్డ ఇప్పు." నాయన ఇప్పలేదు. అమ్మ కింద కూర్చుని తనే విప్పింది.

చిటికెన వేలు బొగ్గులా ఉంది. పక్క వేలు కూడా. పాదం అంచు నీలంగా ఉంది. కుళ్లు వాసన నూనెలోని పుదీనా కింద దాక్కుని ఉంది ఇన్ని రోజులూ.

అమ్మ ఏడుస్తూనే ఉంది. జనం చూసి పక్కకు తప్పుకుని పోతున్నారు. నాయన దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. నా వైపే చూస్తున్నాడు. ఎందుకు నా వైపు? నేను చూపు తిప్పుకున్నాను.

ఆటోలో నేరుగా ఆస్పత్రికి. ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు.

జూలై 18, గురువారం

రెండు వేళ్లు తీసేశారు. పాదం గురించి ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్ గ్రేసీ. "పొగ పూర్తిగా ఆగితే ఉంటుంది. లేకపోతే ఉండదు. అంతే" అన్నారు.

నాయన మీద కోపంగా ఉంది. ముప్పై ఏళ్లు తాగినవాడు మూడు వారాల్లో మానేస్తాడని నమ్మిన నా మీద కూడా. అయినా నేను దాచమని చెప్పలేదు కదా. అబద్ధం ఆడమని చెప్పలేదు. ఆడింది ఆయనే.

జూలై 20, శనివారం

అమ్మ టిఫిన్‌కు కిందికి వెళ్లినప్పుడు నాయన నన్ను పిలిచాడు.

"నాకొకటి అర్థం కాలేదు పాపా. ఆ పొద్దు అలిపిరి కాడ మీ అమ్మ అట్ట ఏడస్తా ఉంటే నువ్వేంటికి సెప్పలేదు?"

"ఏం చెప్పాల నాయనా?"

"అదే, ఆ పువ్వుంటే విషం ఎక్కదని. నువ్వు సెప్తావని నీ తట్టే సూస్తా ఉండా. నేను సెప్తే మీ అమ్మ నమ్మదు. నువ్వు సదువుకున్నదానివి."

ఆయన మెల్లగా చెబుతూ పోయాడు. మొదట నాలుక కింద పెట్టుకునే తాగాడట. తర్వాత ఆలోచించాడట. "నోట్లో పెట్టుకునేదానికంటే బీడీకే పట్టిస్తే ఇంకా గట్టిగా పనిచేస్తాది గదా అని రెండూ ఒకే డబ్బాలో పెట్టినా. తెల్లారేసరికి బీడీలన్నిటికీ పట్టింది. పొగ ఎంత సల్లగా ఉండిందో తెలుసునా. దగ్గే లేదు. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది, మా పాప సెప్పింది నిజమే, విషం పోయిందని."

"రోజుకు ఎన్ని తాగినావు?"

"ముందు పదే. తర్వాత పదైదు, ఇరవై. ఎన్ని తాగినా విషం ఎక్కదు గదా, ఏమీ కాదు అని నువ్వే సెప్పినావు."

"మరి దాచినావు ఎందుకు?"

"మీ అమ్మకు ఈ తలుపులూ గిలుపులూ ఎట్ట తెలుస్తాయి? పొయ్యిలో ఏస్తాది."

నర్సు వచ్చి కట్టు చూసి వెళ్లింది. నాయన నా చేయి పట్టుకున్నాడు. "ఆ రెండు వేళ్లు ముందే సెడినాయి, వాటి గురించి ఏమీ అనుకోవద్దు. మిగిలిన కాలు నీ మందు వల్లనే నిలబడినట్టుండాది. ఇంటికి పోయినాక కావాల. ఇంకో సీసా తీసుకురా."

హాస్టల్‌కు వచ్చి జూన్ 15 పేజీ తీశాను. నా చేతిరాతే. బీడీ విషం ఎక్కదు. ఎక్కదా? ఎక్కదు. నా కండ్లారా సూసినా.

అంతవరకు చెప్పనక్కర్లేదు, అర్థమవుతుంది అని రాసి ఉంది కింద.

జూలై 21

చెప్పలేదు. నీరసంగా ఉన్నాడు.

జూలై 22

చెప్పలేదు. అమ్మ పక్కనే ఉంది.

జూలై 23, మంగళవారం

చెప్పలేదు. ఆస్పత్రికి పోయే దారిలో ఆ అంగడి దగ్గర ఆగి సీసా కొన్నాను. ఇవ్వడానికి కాదు. ఎందుకు కొన్నానో తెలియదు. సంచిలో ఉంది. నా దుప్పటికి కూడా ఆ వాసనే.

తప్పు నాదని చెబితే ఇకపై నేను చెప్పే ఏ మాటా ఆయన నమ్మడు. బీడీ మానమన్నా నమ్మడు. కాబట్టి చెప్పకపోవడమే మంచిదేమో. పుదీనా గురించి ఏమీ అనకుండా బీడీ మాత్రం మానమంటే చాలదా? చాలదు. పువ్వు ఉంటే చాలు అనుకుంటున్నాడు. డిశ్చార్జి ఆదివారం. ఇంటికి పోగానే డబ్బా వెతుకుతాడు.

కాలు పోతుందన్న భయం కంటే, ఆయన ముందు తప్పు ఒప్పుకోవాలన్న భయం నాకు ఎక్కువగా ఉంది. ఇది రాయడానికి అరగంట పట్టింది.

జూలై 25, గురువారం

సార్ గదికి వెళ్లి తలుపు వేసి అంతా చెప్పాను. తీసేసిన మూడు ప్లేట్ల సంగతి కూడా. సార్ ఫోను మోగింది. ఎత్తలేదు.

"ఆ మూడు చూపించమ్మా" అన్నారు. చాలాసేపు చూశారు. "సూది బాగానే అతుక్కుంది. కణాలూ బాగానే ఉన్నాయి. నీకే బాగా లేదు" అన్నారు.

చాలా ల్యాబ్‌లలో ఇదే కనబడిందట. అప్పటికప్పుడు పోస్తే గ్రాహకం మందగిస్తుంది. రోజుల తరబడి ఉంటే కణం అదనంగా గ్రాహకాలు తయారు చేసుకుంటుంది. ఇంకో పక్క గొంతులో చల్లదనం తెలిసే నరాలు వేరే ఉన్నాయి. మెంథాల్ వాటిని లేపుతుంది, మంట తెలియనివ్వదు, పొగ లోతుగా పోతుంది. దగ్గు ఆగింది అందుకు.

"అయితే మా నాయన బీడీలు ఎక్కువయింది గ్రాహకాలు పెరిగా? దగ్గు లేకనా? ఏమీ కాదని నేను చెప్పినందుకా?"

"ప్లేటులోది కణం. మీ నాయన మనిషి. తెలియదమ్మా."

మూడేళ్లు ఆయన దగ్గర చదివాను. ఆయన నోట తెలియదు అన్న మాట వినడం ఇదే మొదటిసారి. నేను మాత్రం ఎక్కదు అని ఒక్క మాటలో తేల్చేశాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటే నేనే.

బయట ఢిల్లీబాబు ఉన్నాడు. కుక్క మాట ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. టీ తాగుదామా అన్నాడు.

జూలై 28, ఆదివారం

చెప్పాను.

డిశ్చార్జి కాగితాల కోసం అమ్మ వరుసలో నిలబడి ఉంది. నాయన మంచం మీద కూర్చుని "సీసా తెచ్చినావా?" అన్నాడు. సంచిలోంచి తీసి చేతిలో పట్టుకున్నాను, ఇవ్వలేదు.

"నాయనా, నేను చెప్పింది తప్పు. దీంతో విషం ఆగదు."

"ఆగదా?"

"ఆగదు. నేను సూసింది ఎలుక కణంలో, ఒక్క నిమిషం. మనిషి సంగతి నాకు తెలీదు. తెలీకుండానే చెప్పినా. మూడు రోజులు పెట్టి సూస్తే ఇంకో రకంగా వచ్చింది. అది నీకు చెప్పలా. నాకు నేనే చెప్పుకోలా."

"అంటే నేను తాగిందంతా ఎక్కినట్టేనా?"

"ఎక్కినట్టే."

"ఇరవైకి ఇరవై?"

"దగ్గు లేదు గదా, ఇంకా లోపలికి పోయింటాది."

ఆయన కట్టు వైపు చూశాడు. కిటికీ అవతల అంబులెన్స్ వెనక్కి తీస్తున్న చప్పుడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు.

"మరి ఏంటికి అంత గట్టిగా సెప్పినావు పాపా?"

ఆ రోజు మగ్గం దగ్గర నువ్వు నన్ను అలా చూస్తూ ఉంటే బాగుండింది నాయనా, అందుకు. ఆ మాట పైకి అనలేదు.

ఆయనే మళ్లీ అన్నాడు. "నేసేటప్పుడు పోగు తప్పితే యాడ తప్పిందో ఆడిదాకా ఇప్పుకుంటా పోవాల. రెండు మూరలు పోతాయి. కడుపు మండతాది. దాసిపెట్టి నేసినామంటే సీరంతా తప్పే." తర్వాత చేయి చాచాడు. "ఆ సీసా ఇట్టియ్యి."

ఇచ్చాను. మూత తీసి ఒక్కసారి వాసన చూశాడు. అమ్మ కాగితాలతో వచ్చింది. సీసా అమ్మ చేతిలో పెట్టి, "ఇది యాడన్నా పారెయ్యి. నాకు కనబడేటట్టు పెట్టొద్దు" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. బస్సులో అమ్మకూ చెప్పాను. పుత్తూరు దాటేదాకా అమ్మ కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

జూలై 29

పద్నాలుగు, పదిహేను, పదిహేడు మళ్లీ లెక్కలో చేర్చాను. పాత మాట కొట్టేసి పక్కన తేదీ వేశాను. ఇప్పుడు నా గ్రాఫు చూస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. నాకూ కాదు.

ఆగస్టు 11, ఆదివారం

డాక్టర్ గ్రేసీ పాదం చూశారు. నీలం అంతే ఉందట, పైకి పాకలేదట. ఇంకో నెల తర్వాత రమ్మన్నారు. అమ్మ దగ్గు సంగతి అడగలేదు, నేనూ అడగలేదు.

ఆగస్టు 18, ఆదివారం

నగరి. నాయన మగ్గంలో కూర్చోలేడు ఇంకా. గట్టు మీద కూర్చుని నూలు కండెలు చుడుతున్నాడు, కాలు ఎత్తుగా దిండు మీద పెట్టుకుని. అందరికీ కనబడేటట్టు.

పది గంటలప్పుడు దగ్గాడు. పాత దగ్గు, గొంతు చీల్చుకుని వచ్చేది. రెండోసారి. మూడోసారి. వంటింట్లో అమ్మ చేతిలో గిన్నె ఆగింది. నేను ఈ పుస్తకం తీసి 3 అని రాయబోయాను.

మూడు దేనికి? తాగినందుకు వచ్చిన దగ్గా, మానినందుకు వచ్చిన దగ్గా? మానిన కొత్తలో కూడా దగ్గు ఎక్కువవుతుందని చదివాను. దగ్గు లేనప్పుడు తాగలేదనుకున్నాను. ఇప్పుడు ఉంటే ఏమనుకోవాలో తెలియలేదు. పెన్ను మూసి బయటికి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన్నే అడగడం, ఇన్ని రోజులూ ఈ ఒక్క పని అమ్మా చేయలేదు, నేనూ చేయలేదు.

"నాయనా, తాగినావా?"

కండె చుట్టడం ఆపలేదు. "నిన్న సాయంత్రం. సగం."

సగం కూడా వద్దన్నారు డాక్టర్. అరవాలనిపించింది. అదే సమయంలో, అడిగిన వెంటనే చెప్పాడే అని ఇంకేదో.

"ఎవరు ఇచ్చినారు?"

"అడిగి తెచ్చుకున్నా. ఉత్త బీడీ. గొంతు కోసుకుపోయింది పాపా, రెండు దమ్ములకే. ముప్పై ఏండ్లూ ఇట్టనే కోసేదేమో, అలవాటై తెలీలా. సగం తాగి పారేసినా." ఇంకో కండె అందుకుంటూ, "ఈ పొద్దు తాగలా. రేపు సంగతి తెలీదు. రేపు కూడా అడుగు" అన్నాడు.

మళ్లీ దగ్గొచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగేటంత. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. దగ్గు ఆగేదాకా నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. మందేమీ ఇవ్వలేదు.